కోట మట్టి, ఊరి మట్టి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పోటోమాక్ నది ఆవలి ఒడ్డున, వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా నగరంలో ఫోర్ట్ వార్డ్ అనే పార్కు ఉంది. కోట అనగానే రాతి బురుజులూ సింహద్వారాలూ ఊహించుకుని వెళ్ళినవారికి అక్కడ గడ్డి మొలిచిన మట్టిగట్లు ఎదురవుతాయి. గట్టు వెంబడే పొడుగునా ఒక పల్లం సాగుతుంది. ఒకప్పుడు అది కందకం. వాయవ్య మూలనున్న బురుజును మాత్రం 1960లలో పాత కొలతల ప్రకారం మళ్ళీ కట్టి, ఫిరంగులను నిలబెట్టారు. మిగతాదంతా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిశాక 1865లో ఉత్తరాది సైన్యం వదిలి వెళ్ళిన మట్టే. వానలకు అరిగి, అంచులు గుండ్రబడి, చెట్ల వేళ్ళు పట్టి ఉంచడం వల్ల ఇంకా నిలబడి ఉంది. ఇలాంటి మట్టికోటలను యుద్ధ స్మారకాలుగా మాత్రమే చూసేవారికి వాటి చరిత్రలో పెద్ద భాగం అందదు. సేనాపతి వ్యూహం కాగితం మీద ఉంటుంది. నేల మీద మిగిలేది పారా గునపం పట్టిన మనుషుల కష్టం. ఆ నేల ఎవరి చేతులతో లేచింది, సైన్యం వెళ్ళిపోయాక దాని మీద ఎవరు బతికారు అన్న ప్రశ్నలు వదిలేసి 1861 నుంచి 1865 వరకు ఉన్న నాలుగేళ్ళనే కాపాడితే, ఆ పరిరక్షణ పేరుతో ఇంకొక చరిత్రను చెరిపేసినట్టవుతుంది. వాషింగ్టన్ చుట్టూ జరిగింది చాలావరకు అదే.

అసలు మట్టి ఎందుకన్నది ముందు చూడాలి. యుద్ధానికి ముందు అమెరికా తన తీరమంతా ఇటుక కోటలను నమ్ముకుంది. జార్జియా తీరంలోని ఫోర్ట్ పులాస్కీని కట్టడానికి 18 ఏళ్ళు పట్టింది. గోడల మందం ఏడున్నర అడుగులు. 1862 ఏప్రిల్ 10, 11 తేదీల్లో, మైలుకు పైగా దూరంలో ఉన్న దీవి మీది నుంచి ఉత్తరాది సైన్యం కొత్త రకం ఫిరంగులతో కొడితే ఆ గోడ ముప్పై గంటల్లో చిల్లులుపడి కోట లొంగిపోయింది. గొట్టం లోపల మెలి గాళ్ళు కోసిన ఆ ఫిరంగుల గుండ్లు తిరుగుతూ వచ్చి ఇటుకలోకి దూసుకుపోయేవి. మరుసటి ఏడాది దక్షిణ కరొలైనాలో ఫోర్ట్ వాగ్నర్ అనే ఇసుక కోట మాత్రం వారాల తరబడి అంతకంటే భారీ కాల్పులను తట్టుకుంది. గుండు తగిలితే ఇటుక పగులుతుంది, మట్టి మింగేస్తుంది. పగలు పడ్డ గుంతను రాత్రికి రాత్రి పూడ్చుకోవచ్చు. కట్టే పద్ధతీ తేలికే. కందకంలో తవ్విన మట్టినే లోపలివైపు పోస్తే గోడ లేస్తుంది. లోపలి ముఖం జారిపోకుండా దుంగలు వరుసగా నిలిపి దాపు పెడతారు. మందుగుండు దాచే గదికి కలప కప్పు వేసి దాని మీద అడుగుల మందాన మట్టి కప్పుతారు. కందకం అవతల నరికిన చెట్లను, చెక్కి మొన తేల్చిన కొమ్మలు శత్రువు వైపు ఉండేలా పరుస్తారు. వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో డెన్నిస్ హార్ట్ మహాన్ దశాబ్దాల పాటు బోధించిన విద్య ఇదే. అక్కడ చదివినవారే రెండు సైన్యాల్లోనూ అధికారులయ్యారు కాబట్టి ఇరువైపులా గోడలు ఒకే పోలికతో లేచాయి.

1861 జులై 21న బుల్‌రన్ దగ్గర ఉత్తరాది సైన్యం ఓడి వెనక్కి పరుగెత్తినప్పుడు వాషింగ్టన్‌కు రక్షణ అంటూ ఉన్నది నదికి దిగువన పన్నెండు మైళ్ళ దూరంలో ఒక పాత కోట, నదికి ఆవల వర్జీనియా వైపు అప్పుడే మొదలుపెట్టిన కొద్ది మట్టిపనులు మాత్రమే. ఇంజనీరు జాన్ గ్రాస్ బర్నార్డ్ ఆధ్వర్యంలో పనులు ఊపందుకున్నాయి. మిట్టగా కనిపించిన ప్రతి చోటా, 800 నుంచి 1000 గజాలకొకటి చొప్పున కోట లేచింది. యుద్ధం ముగిసేనాటికి 37 మైళ్ళ చుట్టుకొలతలో 68 కోటలు, వాటి మధ్య 93 ఫిరంగి దిబ్బలు, 20 మైళ్ళ కందకాలు, సైన్యం కోసమే వేసిన 32 మైళ్ళ బాటలు, 800కు పైగా ఫిరంగులు ఉన్నాయి. శత్రువుకు ఎదురయ్యే వైపు గోడల మందం 12 నుంచి 18 అడుగులు. ఆ కోటల ముందు చూపుకు అడ్డు లేకుండా ఉండేందుకు అడవులూ తోటలూ నరికేశారు. ఎందరో రైతుల పొలాలు అనుమతి అడగకుండానే కోటలయ్యాయి. ఫోర్ట్ వార్డ్ ఆ 68లో ఐదో పెద్దది, 36 ఫిరంగులకు చోటున్నది. యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్న తొలి ఉత్తరాది నౌకాదళ అధికారి జేమ్స్ హార్మన్ వార్డ్ పేరు దానికి పెట్టారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఫోర్ట్ వార్డ్ మీద యుద్ధం జరగనే లేదు కదా, యుద్ధం జరగని కోటకు చరిత్రలో ఏం స్థానం? ఈ మాట వాషింగ్టన్ కోటల్లో దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. ఒక్క ఫోర్ట్ స్టీవెన్స్ దగ్గరే, 1864 జులై 11, 12 తేదీల్లో, జూబల్ ఎర్లీ నడిపించిన దక్షిణాది సైన్యం ఎదురుపడింది. అధ్యక్షుడు లింకన్ స్వయంగా ఆ గోడ మీద నిలబడి కాల్పులు చూశాడు. ఎండలో నడిచి అలసిన సైన్యంతో వచ్చిన ఎర్లీ ఆ గోడలను చూసి దాడికి జంకాడు. ఆలోగా ఉత్తరాదికి అదనపు దళాలు చేరాయి. కోట చేయవలసిన పని సరిగ్గా అదే, శత్రువు మనసు మార్చడం. కాబట్టి ఎక్కడ రక్తం చిందిందో అక్కడే చరిత్ర ఉందనే కొలతతో మట్టికోటలను తూచితే, సరిగ్గా పనిచేసిన ప్రతి కోటా తేలిపోతుంది. అయితే ఈ జవాబుతో నా వాదన తీరిపోదు. యుద్ధం జరగని ఆ నాలుగేళ్ళలో ఆ గోడల దగ్గర రోజూ జరిగింది ఒక్కటే, పని. తవ్వడం, మోయడం, వాన కురిస్తే జారిన మట్టిని మళ్ళీ ఎత్తిపోయడం. ఆ పని ఎవరిది అన్న ప్రశ్న ఈ యుద్ధానికి మూలకారణమైన బానిసత్వంతో నేరుగా ముడిపడి ఉంది.

ఆ ముడి ఎంత గట్టిదో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 1861 మే 23 రాత్రి వర్జీనియా తీరంలో ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ అనే ముగ్గురు బానిసలు చిన్న పడవలో నీళ్ళు దాటి ఉత్తరాది చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకు చేరారు. అప్పటివరకు వారితో దక్షిణాది సైన్యం చేయిస్తున్న పని, ఎదుటి ఒడ్డున సీవెల్స్ పాయింట్ దగ్గర ఫిరంగి దిబ్బ కట్టడం. మర్నాడు వారిని తిరిగి అప్పగించమని యజమాని తరఫున అధికారి వచ్చాడు. కోటలో ఉన్న జనరల్ బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. నా మీద కాల్చడానికి కట్టే దిబ్బకు వీరి శ్రమ వాడుతున్నారు, కాబట్టి వీరు యుద్ధంలో స్వాధీనం చేసుకోదగిన శత్రువు ఆస్తి, తిరిగి ఇవ్వను అన్నది అతని వాదం. మనుషులను ఆస్తిగా లెక్కగట్టే చట్టాన్నే ఆ చట్టం మీద తిప్పికొట్టిన వాదం అది. వారాల్లో వందల మంది ఆ కోట దారి పట్టారు. ఆగస్టు 6న అమెరికా కాంగ్రెసు చేసిన జప్తు చట్టం, తిరుగుబాటుదారుల కోటల్లో కందకాల్లో పని చేయించబడిన బానిసల మీద యజమానికి హక్కు పోతుందని ప్రకటించింది. బానిసత్వం మీద కేంద్రప్రభుత్వం వేసిన తొలి చట్టపు దెబ్బల్లో ఒకటి మట్టిపని మీదుగానే పడింది. మట్టికోటల చరిత్రలో దీన్ని అడుగున వేసే చిన్న వివరంగా చూడడం నాకు సమ్మతం కాదు.

దక్షిణాదిలో ఈ పని వివరాలు కాగితాల్లో ఉన్నాయి. పీటర్స్‌బర్గ్ నగరం చుట్టూ కెప్టెన్ చార్లెస్ డిమాక్ 1862లో మొదలుపెట్టి కట్టించిన పది మైళ్ళ గోడకు, దాని 55 ఫిరంగి దిబ్బలకు, మట్టి ఎత్తినవారిలో అత్యధికులు నల్లవారు. బానిసలూ ఉన్నారు, స్వేచ్ఛ ఉన్న నల్లవారూ ఉన్నారు. 1862 అక్టోబరులో వర్జీనియా శాసనసభ కోటల పనికి బానిసలను పోగుచేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. ఒక మనిషికి నెలకు 16 డాలర్లు, చెల్లింపు యజమానికి. రెండేళ్ళ తర్వాత, 1864 జూన్ 15న, ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి దళాలు ఆ గోడ మీదికే ఎక్కి కొన్ని దిబ్బలను పట్టుకున్నాయి. పీటర్స్‌బర్గ్ యుద్ధభూమి పార్కులో ఆ దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు ఎవరు తవ్వారు, ఎవరు ఎక్కారు అన్న రెండు వాక్యాలూ పక్కపక్కన తెలియాలి.

ఉత్తరాది పక్షం ఈ విషయంలో మచ్చలేనిదని అనుకుంటే పొరపాటు. టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణాన్ని పట్టుకున్నాక ఉత్తరాది సైన్యం 1862 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కొండ మీద ఫోర్ట్ నెగ్లీ కట్టింది. సున్నపురాయీ మట్టీ కలిపి కట్టిన పెద్ద కోట అది. 2700 మందికి పైగా నల్లవారి పేర్లు కూలి పట్టికలకెక్కాయి. ఇష్టపడి వచ్చినవారు కొందరు. వీధుల్లో, చివరికి చర్చిల్లో పట్టుకుని లాక్కొచ్చినవారు మరెందరో. ఆరు నుంచి ఎనిమిది వందల మంది ఆ పనిలో, ఆ చలిలో, రోగాలతో చనిపోయారని అంచనా. పట్టికల్లో రాసిన కూలిలో ఎక్కువ భాగం వారి చేతికి అందలేదు. విముక్తి కోసం పోరాడుతున్నామన్న సైన్యం కోటలోనే జరిగింది ఇది. ఈ వాస్తవాన్ని దాచనవసరం లేదు, దాని వల్ల బానిసత్వానికి వ్యతిరేకంగా గెలిచిన గెలుపు విలువా తగ్గదు.

దీనికి ఎవరైనా ఇలా ఎదురు చెప్పవచ్చు: సరే, ఫోర్ట్ వార్డ్ మాటేమిటి? అక్కడ 1861లో మొదట తవ్వినవారు ఉత్తరాది పదాతిదళాల సైనికులే, ఆ తర్వాత కూలికి వచ్చిన పనివాళ్ళు. డిమాక్ గోడ కథనూ నెగ్లీ కథనూ తెచ్చి ఈ గట్టు మీద అతికించడం న్యాయమా? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ప్రతి కోటనూ బానిసలే కట్టారని బోర్డు రాస్తే అది మరో అబద్ధమవుతుంది. పొలాల నుంచి, కొట్ల నుంచి వచ్చి తుపాకీ పట్టుకుంటామనుకున్న కుర్రాళ్ళ చేతికి సైన్యం పార ఇవ్వడం, వారి చేతులు బొబ్బలెక్కడం కూడా ఆ మట్టి కథలో భాగమే. నేను అడిగేది ప్రతి గోడకూ దాని పనివాళ్ళ పేరు దానికే ఉండాలని. ఫోర్ట్ వార్డ్ విషయంలో నల్లవారి చరిత్రకు వేరే రుజువు ఉంది, అది కోట కట్టినప్పటిది కాదు, కోట ఖాళీ అయిన తర్వాతిది.

1865 చివరికి సైన్యం ఫోర్ట్ వార్డ్‌ను విప్పేసింది. ఫిరంగులు తరలించారు. ఇలాంటి చాలా కోటల్లో దుంగలూ చెక్కా వేలంలోనో, పొలం పాడైనందుకు పరిహారంగానో భూయజమానుల చేతికి పోయాయి. యుద్ధకాలంలో బానిసత్వం తప్పించుకుని వేలమంది అలెగ్జాండ్రియాకు వచ్చారు, సైన్యానికి కూలీలుగా, ఆసుపత్రుల్లో సేవకులుగా పనిచేశారు. అలాంటి స్వేచ్ఛ పొందిన కుటుంబాలు యుద్ధానంతర దశాబ్దాల్లో ఖాళీ కోట లోపలా చుట్టూ ఇళ్ళు వేసుకున్నాయి. క్రమంగా భూమి కొనుక్కున్నాయి. ఆ వాడకు జనం పెట్టుకున్న పేరే 'ద ఫోర్ట్'. దగ్గర్లోని వేదాంత కళాశాలలో, ఉన్నత పాఠశాలలో వంటపనీ తోటపనీ చేసి, కోట గట్ల పక్కన కూరగాయలు పండించుకుని, బడి పెట్టుకుని, ఓక్‌లాండ్ బాప్టిస్ట్ చర్చి స్థాపించుకుని, చనిపోయినవారిని ఇంటి పక్క నేలలో పూడ్చుకుని దాదాపు ఒక శతాబ్దం అక్కడ బతికారు. సైన్యం నాలుగేళ్ళు ఉన్న చోట వీరు సుమారు తొంభై ఏళ్ళున్నారు.

ఆ తర్వాత 1950లలో, 60లలో యుద్ధ శతాబ్ది ఉత్సవాల ఊపు వచ్చింది. నగరం భూములు సేకరించింది. కొన్ని కొనుగోలుతో, కొన్ని భూసేకరణ అధికారంతో. 1961లో కోట పునరుద్ధరణ మొదలై 1964లో పార్కు తెరుచుకుంది. ఇళ్ళు పోయాయి. చర్చి శ్మశానం పార్కు మధ్యలో మిగిలింది. గుర్తు రాళ్ళు లేని సమాధులు లెక్కకు రాలేదు. వాటి దగ్గరే పార్కు నిర్వహణ సామాన్ల యార్డు నడిచింది. ఆ కుటుంబాల వారసులు సంఘంగా ఏర్పడి పట్టుబట్టాకే 2010 తర్వాతి ఏళ్ళలో పురావస్తు నిపుణులు ఆ సమాధుల జాడ వెతికి గుర్తించారు. ఇదే నగరంలో 1864 నుంచి 1869 వరకు 1700 మందికి పైగా స్వేచ్ఛ పొందినవారిని పూడ్చిన శ్మశానం మీద 1955లో పెట్రోలు బంకు కట్టారు. అక్కడ స్మారకం ప్రారంభమయ్యేసరికి 2014 అయింది. వాషింగ్టన్‌లోని ఫోర్ట్ రెనో దగ్గర ఇంకా ఘోరం. యుద్ధం తర్వాత ఆ కోట నేలలో పెరిగిన నల్లవారి వాడను 1920లలో, 30లలో పార్కు, పాఠశాల అవసరాల పేరుతో ఖాళీ చేయించారు. మట్టికోట కూడా నీటి ట్యాంకుల కింద కనపడకుండా పోయింది. అక్కడ ఆ ఊరికి సాక్షిగా 1903 నాటి జెస్సీ రెనో స్కూలు భవనం నిలిచింది. ఫోర్ట్ స్టీవెన్స్ లేచినదే ఎలిజబెత్ థామస్ అనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి స్త్రీ నేల మీద. సైనికులు ఆమె ఇల్లు పడగొట్టి గోడ కట్టారు. ఆమె 1917 వరకు బతికింది.

ఇప్పుడు బలమైన అభ్యంతరానికి వద్దాం. పార్కు చేయకపోతే ఏం మిగిలేది? 68 కోటల్లో ఎక్కువ భాగం వీధుల కింద, అపార్టుమెంట్ల కింద కలిసిపోయాయి. అలెగ్జాండ్రియాలో ఇళ్ళ స్థలాల గిరాకీ చూస్తే ఫోర్ట్ వార్డ్ కూడా బుల్‌డోజర్ కింద పోయేదే, అప్పుడు కోటా ఉండేది కాదు, ఊరి జాడా ఉండేది కాదు. ఈ వాదం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు, గట్లు నిలిచినందుకు నగరానికి కృతజ్ఞత చెప్పవలసిందే. అయితే ఆ వాదం పార్కు అవసరాన్ని రుజువు చేస్తుంది, ఊరిని ఎత్తివేయడాన్ని కాదు. గట్ల పక్కన తొంభై ఏళ్ళు ఇళ్ళున్నా ఆ గట్లు నిలిచే ఉన్నాయన్నది కళ్ళ ముందున్న సాక్ష్యం. సైన్యం వదిలేసిన తర్వాత ఆ మట్టిని కాపాడినవారు ఎవరైనా ఉంటే ఆ కుటుంబాలే, కావాలని కాకపోయినా. వారిని ఉండనిచ్చి, గట్లను మాత్రం ప్రజల ఆస్తిగా తీసుకునే దారి 1961లోనూ ఉంది. నల్లవారి ఇళ్ళను చరిత్రగా చూడని కాలం కాబట్టి ఆ దారి ఎవరికీ తట్టలేదు.

కాపాడే పద్ధతిలోనూ ఈ ఆలోచనే పనికొస్తుంది. చాలాకాలం పార్కుల వారు గోడల మీది చెట్లు కొట్టేసి, నున్నగా గడ్డి పెంచి, యంత్రంతో కోస్తూ వచ్చారు, సైనికుడు చూసినట్టే కనిపించాలని. గడ్డి కోసే యంత్రం చక్రాలూ సందర్శకుల పాదాలూ గట్టు వాలును గీకేస్తే వాన మిగతా పని పూర్తి చేస్తుంది. అడవి కమ్మిన చోట రాలిన ఆకుల పొర మట్టిని బాగా పట్టి ఉంచుతుందని, పెనుగాలికి పెద్ద చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలడమే అక్కడ ముప్పని అమెరికా జాతీయ పార్కుల సేవాసంస్థ పరిశీలనలు చూపాయి. పునర్నిర్మించిన బురుజు పిల్లలకు అర్థం కావడానికి పనికొస్తుంది, ఒకటి చాలు. మిగతా గోడ అరిగిన రూపమే నిజమైన దస్తావేజు. ఎందుకంటే దాని మీద 1861 తర్వాతి కాలమంతా ఉంది, ఇళ్ళ పునాదులూ, నడకదారులూ, సమాధుల పల్లాలూ అన్నీ.

ఉత్తర వర్జీనియాలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. వారాంతాల్లో పిల్లలతో ఫోర్ట్ వార్డ్‌కు, ఫోర్ట్ స్టీవెన్స్‌కు వెళ్ళడం వారికి పెద్ద ప్రయాణం కాదు. వెళ్ళినవారు బురుజు దగ్గర ఫొటో దిగి వెనుదిరగకుండా, గోడ వాలు ఎక్కకుండా, కందకం వెంట నడవాలి. కందకం లోతునూ గోడ ఎత్తునూ కలిపి చూస్తే ఒక్కో గజం మట్టికి ఎన్ని తట్టలు ఎత్తారో అంచనాకు వస్తుంది. తర్వాత ఓక్‌లాండ్ చర్చి శ్మశానం దాకా వెళ్ళి అక్కడి పేర్లు చదవాలి. నాష్‌విల్‌లో ఫోర్ట్ నెగ్లీ పక్కనున్న పాత బేస్‌బాల్ స్టేడియం స్థలంలో భవనాలు కట్టాలన్న పథకం 2018లో ఆగిపోయింది. అక్కడ నల్లవారి సమాధులు ఉండే అవకాశం ఉందని పురావస్తు పరిశీలన చెప్పడం, ఊరివారు గట్టిగా అడగడం అందుకు కారణాలు. మరుసటి ఏడాది యునెస్కో ఆ కోటను బానిస మార్గాల చరిత్రకు సంబంధించిన స్థలంగా గుర్తించింది. ఫోర్ట్ వార్డ్ పార్కులోనూ వారసుల సంఘం ఒత్తిడితో ఊరి చరిత్ర చెప్పే బోర్డులు వచ్చాయి. పార్కు ముఖద్వారం దగ్గరి తొలి బోర్డులోనే 1865తో పాటు 1964 కూడా ఉండాలి, ఆ ఏడాది తెరిచిన పార్కు కోసం ఎవరి ఇళ్ళు లేకుండా పోయాయో వారి ఇంటిపేర్లతో.